పురుగు ఆకు తినే చప్పుడుతో మొదలుపెట్టండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో, పట్టు పరిశ్రమ శాఖలో పనిచేస్తున్నాను. మా ఎమ్మెస్సీ సెరికల్చర్ కోర్సులో ఏటా సీట్లు మిగిలిపోతున్నాయి. ఈసారి ప్రవేశాలకు ముందు చిన్న యానిమేషన్ వీడియో చేయించమని అనుమతి ఇచ్చారు. 80 వేల రూపాయలు కేటాయించారు. మూడు నిమిషాలకు స్క్రిప్టు రాసుకున్నాను. అందులో విశ్వవిద్యాలయ చరిత్ర, క్యాంపస్, ప్రయోగశాలలు, అధ్యాపకులు, సిలబస్, ఉద్యోగావకాశాలు ఉన్నాయి. దాని ప్రతి మీకు పంపుతున్నాను. స్టూడియోవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు ఇంకా ఏమేం సిద్ధం చేసుకోవాలి? పోగు తీయడానికి గూళ్లను వేడినీళ్లలో వేస్తాం కదా, అది కూడా వీడియోలో చూపించాలా?
– ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, అనంతపురం జిల్లా

జవాబు: సార్, మీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో పట్టుపురుగు మొదటిసారి కనిపించింది మూడో పేజీలో. అది చూసి మనసుకు కష్టమనిపించింది. మాది మదనపల్లె పక్కన పల్లెటూరు. మా అవ్వ ఇంట్లోనే పురుగులు మేపేది. నాలుగో జ్వరం నుంచి (మేత మాని కుబుసం విడిచే విరామాన్ని జ్వరం అంటారు) లేచిన పురుగులకు రాత్రి మేత వేసి తలుపు దగ్గరగా వేస్తే, లోపలి నుంచి సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు వచ్చేది. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని.

మీ వీడియో అక్కడ మొదలవ్వాలి. తెర మీద చీకటి, వాన చప్పుడు, నాలుగు సెకన్లు. తర్వాత ఆకు అంచున పురుగు తల. చూసేవాళ్లు అప్పటికి ఇంకెక్కడికీ పోరు.

యానిమేషన్ ఎందుకో ముందు తేల్చుకోండి. భవనం చూపించాలంటే ఫోన్ కెమెరా చాలు. గేటునూ లైబ్రరీనీ బొమ్మలుగా గీయించడానికి మీకున్న 80 వేలలో ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. కెమెరా వెళ్లలేని చోటికి బొమ్మ వెళ్లాలి. పురుగు కడుపులో రెండు పట్టు గ్రంథులుంటాయి. వాటిలో ద్రవంగా ఉన్న పట్టు నోటి కింది సన్నని రంధ్రంలోంచి బయటికొచ్చి గట్టిపడుతుంది. పురుగు తలను ఎనిమిది అంకె ఆకారంలో ఆడిస్తూ, చంద్రికలో, అంటే గూళ్లు కట్టడానికి పురుగులను వదిలే తట్టలో, రెండు మూడు రోజులు తన చుట్టూ తాను గూడు అల్లుకుంటుంది. ఒక యానిమేటర్‌కి ఇంతకంటే మంచి కదలిక దొరకదు. నిజం చెబుతున్నాను, ఆ ఎనిమిది అంకె దృశ్యం నేనే చేయాలనిపించింది.

ఒక గూటిలో ఉండేది ఒకే పోగు. మంచి గూడైతే తెగకుండా ఒక కిలోమీటరు దాకా వస్తుంది. ఆ పోగునే మీ కథకు దారంగా పట్టుకోండి. గూటి నుంచి పోగు లాగితే అది కిటికీ దాటి, మల్బరీ తోట మీదుగా, పిల్ల పురుగులను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం గుమ్మం ముందు నుంచి, గూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ యూనిట్‌లోకి, అక్కడి నుంచి ధర్మవరం మగ్గం దాకా సాగిపోవాలి. అది ఆగిన ప్రతి చోటా ఒక మనిషి కనబడాలి. గుడ్లను సూక్ష్మదర్శినిలో చూస్తున్న అమ్మాయి, చాకీ పురుగులను రైతుకు అప్పగిస్తున్న కుర్రవాడు, హిందూపురం దగ్గర కిరికెర పరిశోధన సంస్థలో కొత్త సంకర జాతుల మీద పనిచేస్తున్నావిడ, కేంద్ర పట్టు మండలి ఉద్యోగి. ఉద్యోగావకాశాలని మీరు విడిగా రాసిన పేజీ ఈ పోగు మీదికి ఎక్కేస్తుంది. ఈ మనుషుల కోసం మీ పూర్వ విద్యార్థుల్లో నిజంగా ఆ పనుల్లో ఉన్నవాళ్లను వెతకండి. అనుమతి అడిగి, వాళ్ల పోలికతోనే గీయించండి. 'నూరు శాతం ఉద్యోగాలు' అన్న మాట మాత్రం స్క్రిప్టులోంచి తీసేయండి. ఈ వీడియో చూసేది బీయస్సీ పూర్తిచేసి పీజీసెట్ రాయబోతున్న పిల్లలొక్కరే కాదు, పక్కన కూర్చున్న వాళ్ల అమ్మానాన్నలు కూడా. పురుగుల పెంపకంలో నష్టపోయిన రైతు కుటుంబాలు కూడా వాళ్లలో ఉంటాయి. వాళ్లకు అబద్ధం వెంటనే తెలిసిపోతుంది.

నిడివి 75 సెకన్లకు తగ్గించండి. లెక్క చెబుతాను. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 75 సెకన్లకు 900 అవుతాయి. అదే మూడు నిమిషాలైతే 2160. మీ డబ్బుకు 2160 బొమ్మలు అడిగితే, రెడీమేడ్ బొమ్మలను అటూ ఇటూ జరిపి ఇస్తారు. కోటు వేసుకుని ల్యాప్‌టాప్ పట్టుకున్న బొమ్మ మనిషి వచ్చి మీ కోర్సు గురించి చెబుతాడు. 75 సెకన్లలో కూడా అన్నీ చేత్తో గీయించనక్కర్లేదు. గూడు అల్లే దృశ్యానికీ, పోగు సాగిపోయే దృశ్యానికీ మాత్రం పూర్తి శ్రమ పెట్టించండి. మిగతావి స్థిరమైన బొమ్మల మీద మెల్లగా జరిగే కెమెరాతో అయిపోతాయి.

మాటలు 110 దాటనివ్వకండి. తెలుగు మాటలు పొడుగు, విభక్తులన్నీ కలుపుకుని వస్తాయి. ఇంగ్లిష్ స్క్రిప్టుకు వేసే లెక్క మనకు పనికిరాదు. రాసింది పైకి చదివి గడియారం పెట్టి చూడండి. గొంతు మీ విద్యార్థిదే అయితే మేలు. 'మూడో జ్వరంలో పడిన పురుగు' అని అలవాటుగా అనగలిగిన అనంతపురం అమ్మాయి గొంతును నేను ఏ స్టూడియో గొంతుకూ మార్చుకోను.

ఇక నేను డబ్బూ సమయమూ పోగొట్టుకుని నేర్చుకున్న విషయం. పదేళ్ల కిందట ఒక కాలేజీకి ఇలాంటి వీడియోనే చేశాం. స్టోరీబోర్డు, అంటే దృశ్యాల వరసను గీసిన బొమ్మలు, ఒక్కరే చూసి బాగుందన్నారు. పూర్తయ్యాక కమిటీలో ఎనిమిది మంది చూశారు. ఒకరు ఫొటో చేర్చమన్నారు, ఒకరు శాఖల వరస మార్చమన్నారు, ఒకరు గొంతు మార్చమన్నారు. గొంతు మారితే ప్రతి దృశ్యం నిడివీ మారుతుంది. మళ్లీ చేసి ఇచ్చేసరికి ప్రవేశాలు ముగిశాయి. ఆ వీడియోను ఎవరూ చూడలేదు. అందుకే మీరు స్టూడియోవాళ్లను యానిమాటిక్ అడగండి. అంటే పెన్సిల్ బొమ్మలను అసలు గొంతుతో, అసలు నిడివితో వరసగా పేర్చిన కచ్చా వీడియో. మాట చెప్పాల్సిన వాళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అది చూపించి, కాగితం మీద సంతకాలు తీసుకోండి. ఆ తర్వాత మాట మారకూడదు. ఈ ఒక్క పని మీరు గట్టిగా పట్టుబట్టి చేయించాలి సార్, మొహమాటపడకండి.

కృత్రిమ మేధతో బొమ్మలు తీసి తక్కువలో చేస్తామని ఎవరైనా అంటే, వాళ్లు చూపించిన పురుగు కాళ్లు లెక్కపెట్టండి. ఛాతీ దగ్గర మూడు జతలు, పొట్ట కింద నాలుగు జతలు, చివర ఒక జత, మొత్తం 16. తోక దగ్గర చిన్న కొమ్ము ఉండాలి. సెరికల్చర్ శాఖ వీడియోలో పురుగు తప్పుగా ఉంటే, రైతు బిడ్డ మీ దగ్గర చదవడానికి ఎందుకు వస్తాడు? స్టూడియోవాళ్లు ఎవరైనా సరే, బొమ్మ గీసేవాళ్లను ఒక రోజు మీ పెంపకం షెడ్డులో కూర్చోబెట్టండి. గుడ్డు నుంచి వచ్చినప్పుడు వెంట్రుకంత ఉన్న పురుగు పాతిక రోజుల్లో దాదాపు పదివేల రెట్లు బరువు పెరుగుతుందని చెబితే వాళ్లు రాసుకుంటారు. అరచేతిలో పెడితే గీస్తారు.

ఉత్తరం చివర మీరు అడిగిన ఇంకో మాట, గూళ్లను వేడినీళ్లలో వేయడం చూపించాలా అని. చూపించండి. లోపల ప్యూపా, అంటే చిలుకగా మారబోతున్న పురుగు, చనిపోతుందని ఒక వాక్యంలో మామూలుగా చెప్పండి. అది దాచి అందమైన చీర మాత్రం చూపిస్తే, మొదటి వారం ప్రయోగశాలలో చూసిన పిల్లలు మీరు మోసం చేశారనుకుంటారు.

ఒప్పందంలో మూడు రాయించుకోండి. అసలు ఫైళ్లు మీకే ఇవ్వాలి. ఫోన్లో నిలువుగా చూసే 30 సెకన్ల ముక్క విడిగా ఇవ్వాలి. దరఖాస్తు తేదీ, ఫోన్ నంబరు చివరి కార్డులో తప్ప ఎక్కడా ఉండకూడదు, వచ్చే ఏడు ఆ కార్డు ఒకటే మార్చుకోవచ్చు. సినిమా పాట బాణీ వేస్తామంటే ఒప్పుకోకండి. హక్కుల ఫిర్యాదు వస్తే వీడియో తీసేయాల్సి వస్తుంది. మీకు సంగీతం అక్కర్లేదు కూడా. షెడ్డులో ఐదో దశ పురుగులు, అంటే నాలుగో జ్వరం దాటినవి, ఎప్పుడుంటాయో చూసుకుని, ఆ రాత్రి మేత వేశాక ఫ్యాన్లు ఆపించి, ఆకుల పక్కన రికార్డర్ పెట్టి పది నిమిషాలు అందరూ బయటికి రండి.

ప్రశ్న: మేడమ్, మా డిపార్ట్‌మెంట్ వీడియోను మేం విద్యార్థులమే చేస్తున్నాం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో తెలుగు టైటిల్ వేస్తే వత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఎమ్మే విద్యార్థిని, వరంగల్

జవాబు: అమ్మా, ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోట టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చి, కొత్త టెక్స్ట్ లేయర్‌లో మళ్లీ టైపు చేయి. అను ఫాంట్‌లో టైపు చేసినదైతే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. చిన్న తెర మీద మండలి బాగా చదవబడుతుంది. అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగురుకుంటూ వచ్చే ఎఫెక్ట్ మాత్రం తెలుగుకు వేయకు, గుణింతం ఒకవైపు, వత్తు ఒకవైపు పోతాయి. మాట మొత్తం ఒకేసారి రానివ్వు. చివరగా 'స్త్రీ', 'శాస్త్రం', 'విశ్వవిద్యాలయం' అని టైపు చేసి, ఫైలు బయటికి తీసి, ఫోన్లో చూడు. ఆ మూడూ సరిగ్గా వస్తే మిగతావీ చాలావరకు వస్తాయి.