డల్లాస్ బావగారి ఖాతాలోకి మీ ఫీజులు వద్దు

సందేహం: మాది కాకినాడ. అమెరికాలోని తెలుగు పిల్లలు 14 మందికి ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. ఒక్కొక్కరికి నెలకు 60 డాలర్లు. బ్యాంకు వైర్‌లో పంపితే సగం ఛార్జీలకే పోతోంది. డల్లాస్‌లో ఉన్న మా అక్క భర్త అందరి దగ్గరా జెల్‌లో (అమెరికాలో బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపుకునే సదుపాయం) వసూలు చేసి, రెండు నెలలుగా ‘కుటుంబ పోషణ’ అని పెట్టి నా ఖాతాకు ఒకేసారి పంపుతున్నారు. ఇకమీదట డాలర్లు ఆయన దగ్గరే ఉంచుకుని, ఇక్కడున్న వాళ్ల నాన్నగారి చేత నాకు రూపాయలు ఇప్పిస్తానంటున్నారు. పంపే ఖర్చే ఉండదట. ఇందులో తప్పేమైనా ఉందా?

సలహా: ఉందమ్మా. ముందుగా ఆ రెండో ఏర్పాటు అసలు మొదలుపెట్టకండి. విదేశాల్లో ఉన్నవారి తరఫున చెల్లించే డబ్బును అధీకృత బ్యాంకు లేదా సంస్థ ద్వారా తప్ప తీసుకోకూడదని 1999 నాటి ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. అక్కడ డాలర్లు, ఇక్కడ రూపాయలు అనే ఈ పద్ధతినే జనం హవాలా అంటారు. ఇచ్చేది సొంత మనుషులే కదా, మొత్తం చిన్నదే కదా అంటే చట్టం ఒప్పుకోదు. 13వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేయవచ్చు.

రెండు నెలలుగా చేసింది అంత తీవ్రమైనది కాదు. డబ్బు బ్యాంకు ద్వారానే వచ్చింది. ఇక్కడ చిక్కంతా ‘కుటుంబ పోషణ’ అన్న మాటతోనే. మీకు వచ్చింది విద్యార్థుల ఫీజు, మీ కష్టార్జితం. బావగారు మీకు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం బంధువే, ఆయన ఇచ్చే బహుమతికి పన్ను లేదు. అందుకే రేపు ఏ అధికారి చూసినా, ఆదాయాన్ని బహుమతిగా చూపి పన్ను తప్పించుకున్నారనే అనుకుంటారు. పైగా మీకు చెందిన డాలర్లు అమెరికాలో మరొకరి ఖాతాలో ఉండటం ఫెమా పరంగా కూడా మంచిది కాదు. ఊరూ పేరూ లేని జమలు తన ఖాతాలో పడుతుంటే అక్కడ ఆయనకూ టెన్షనే.

ఇక ఛార్జీల సంగతి. మీ బాధ న్యాయమైనదే. అమెరికా బ్యాంకులు బయటకు పంపే ఒక్కో వైర్‌కు మామూలుగా 25 నుంచి 50 డాలర్లు తీసుకుంటాయి. మధ్యలో ఉండే బ్యాంకు ఇంకొంత కోస్తుంది. ఇక్కడ డాలర్లను రూపాయలుగా మార్చేటప్పుడు జీఎస్టీ ఉంటుంది. సుమారు 25,000 రూపాయల లోపు మార్పిడి ఎంతదైనా అది కనీసం 45 రూపాయలు. 60 డాలర్లకు వైర్ అన్నది మొదటి నుంచీ తప్పు దారి. ఏ దారిలో తీసుకున్నా మూడు నెలల ఫీజు ఒకేసారి తీసుకుంటే ఈ విడివిడి ఖర్చులన్నీ మూడో వంతుకు దిగుతాయి.

అన్నిటికంటే చవకైన దారి మీ విద్యార్థుల ఇళ్లలోనే ఉండవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఇక్కడి బ్యాంకుల్లో ఎన్ఆర్ఈ ఖాతా (ప్రవాసులు విదేశీ సంపాదనను రూపాయల్లో దాచుకునేది) ఉంటుంది. ఆ ఖాతా నుంచి మీ ఖాతాకు నేరుగా రూపాయల్లో పంపితే ఖర్చు దాదాపు ఉండదు. విదేశాల్లోని వారికి మీరు చెప్పే పాఠం లెక్క ప్రకారం సేవల ఎగుమతి. ఎన్ఆర్ఈ ఖాతా నుంచి వచ్చే చెల్లింపును ఎగుమతి రాబడిగా రిజర్వు బ్యాంకు నిబంధనలు అంగీకరిస్తాయి. ఎన్ఆర్‌వో ఖాతా (ప్రవాసుల ఇక్కడి ఆదాయం జమయ్యేది) నుంచి ఫీజు కట్టడం తప్పు కాదు గానీ, దాన్ని ఎగుమతి రాబడి అని చూపించుకోవడం కష్టం. కాబట్టి ఎన్ఆర్ఈ నుంచే పంపమనండి. ‘సంగీతం ఫీజు’ అని వివరాల్లో రాయమనండి.

ఎన్ఆర్ఈ లేనివారి కోసం రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న క్రాస్ బోర్డర్ పేమెంట్ అగ్రిగేటర్లను (విదేశీ చెల్లింపులను వసూలు చేసి మీ ఖాతాకు చేర్చే సంస్థలు) చూడండి. 2023 అక్టోబర్ 31న రిజర్వు బ్యాంకు వీటికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఒక్కో లావాదేవీకి పరిమితి 25 లక్షలు, మీకు ఆ బెంగ లేదు. ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: డాలరుకు ఎంత రేటు ఇస్తారు, ఫిరా ఇస్తారా. ‘ఫీజు సున్నా’ అనేవాళ్లు చాలాసార్లు రేటులో లాగేస్తారు. డాలరుకు ఒక్క రూపాయి తగ్గినా మీకు నెలకు 840 రూపాయలు పోయినట్టే. ఫిరా అంటే విదేశీ సొమ్ము ఫలానా పనికి వచ్చిందని తెలిపే పత్రం. అది ఇవ్వని సంస్థ ఎంత చవకైనా వద్దు. పేపాల్ తల్లిదండ్రులకు సులువే కానీ, మొత్తంలో శాతంతో పాటు విడిగా స్థిరమైన రుసుము కూడా ఉంటుంది కాబట్టి చిన్న మొత్తాలకు భారం ఎక్కువ. ఇంటికి డబ్బు పంపుకునే యాప్‌లు వాడేవారు అలవాటుకొద్దీ ‘కుటుంబ పోషణ’ నొక్కేస్తారు. అలా నొక్కవద్దని అందరికీ ముందే చెప్పండి.

జీఎస్టీ గురించి భయపడకండి. మీ రాబడి ఏడాదికి 10,080 డాలర్లు. సేవలకు ఉన్న 20 లక్షల పరిమితికి చాలా దిగువన ఉన్నారు. విద్యార్థులు పెరిగి ఆ గీత దాటితే రిజిస్ట్రేషన్ తీసుకుని, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేస్తే ఎగుమతి సేవలపై పన్ను కట్టక్కర్లేదు. దానికి రుసుమేమీ లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఈ ఫీజులన్నీ చూపాలి.

పాత రెండు నెలల సంగతి ఈ వారంలోనే చక్కబెట్టండి. ఏ విద్యార్థి ఎంత కట్టారో బావగారి దగ్గర జాబితా తెప్పించుకోండి. ఒక్కొక్కరి పేరున నెలవారీ బిల్లు తయారుచేసి, ఆ రెండు జమలు బోధన రుసుములని, పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో తెలిపే సంకేతం) సరిచేయమని మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. కాపీ మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి. ఆ మొత్తాలను ఈ ఏటి రిటర్నులో ఆదాయంగానే చూపండి.