చిట్టీ, ముందు ఆ డ్రైన్ జాలీలు చూడు

చిట్టీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి "నీ మేనకోడలు హైదరాబాద్‌లో సైకిళ్ళకి రోడ్లేస్తుందంట, ఇందుకా దాన్ని ఇంజనీరింగ్ చదివించింది" అని నా మీద పడింది, అదేదో నేనే నేర్పినట్టు. నీ తరఫునే మాట్లాడాన్లే. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. సంతోషమూ ఉంది, భయమూ ఉంది, 30 ఏళ్ళు మున్సిపాలిటీ రోడ్లేసినోణ్ణి కదా, భయమే ఓ పిసరు ఎక్కువ.

సైకిల్ దారి వెడల్పులు, వాలు, బోర్డులు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) పుస్తకంలో ఉన్నాయి, చూసుకో. ఉత్త పెయింట్ గీత గీసి సైకిల్ బొమ్మేస్తే సాయంత్రానికి దాని మీద కార్లు ఆగుతాయి, అది నీకూ తెలుసు. బొల్లార్డులు, అదే అడ్డంగా పాతే పొట్టి స్తంభాలు, పెడితే కార్లు, ఆటోలు లోపలికి రావు గానీ సైకిల్ దూరే సందులో బైకూ దూరుద్ది, దానికి నా దగ్గర మందు లేదు. సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకి తిరగనిచ్చే ఫ్రీ లెఫ్ట్ ఉన్న జంక్షన్లు మాత్రం వదిలెయ్యకు, నేరుగా పోయే సైకిల్‌ని ఎడమకి తిరిగే బస్సు నొక్కేసేది అక్కడే. మీటింగులో ఎవరో ఒకరు "ఇది ఆమ్‌స్టర్‌డామ్ కాదమ్మా" అంటారు, సైకిళ్ళకి పేరుమోసిన ఊరు కదా అది, చూస్తూ ఉండు. వాళ్ళూ మొదట్నుంచీ అలా లేరని చెప్పు, 1971 ఒక్క ఏడాదిలో వాళ్ళ దేశం నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు పోయారు, తల్లిదండ్రులు రోడ్డెక్కాకే అక్కడా కదలిక వచ్చింది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ చూశా. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకలు, నీడకి నీడ కరెంటుకి కరెంటు. బాగుంది, కాదనను. కానీ నేను వెళ్ళిన రోజు కార్లో సైకిల్ పెట్టుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ కనపడ్డారు. నువ్వు వెయ్యాల్సింది పొద్దున 5 గంటలకి పేపర్లేసే కుర్రాడికి, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళే వాచ్‌మన్‌కి, ట్యూషన్‌కి పోయే పిల్లకి. వాళ్ళు నీ మీటింగుకి రారు, నువ్వే వాళ్ళ టైముకి వెళ్ళి రోడ్డు మీద నిలబడాలి.

ఇప్పుడొకటి చెప్తా, మీ అత్తయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1990ల్లో, ఊరి పేరెందుకులే, ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, ఉన్నప్పుడు హైస్కూలు రోడ్డు వెడల్పు చేశాం. వాన నీళ్ళకి ఎడమ అంచున డ్రైను, దాని మీద అక్కడక్కడా ఇనప జాలీలు. డ్రాయింగులో సైజు ఉంది, బరువు ఉంది, కడ్డీలు ఎటు ఉండాలో లేదు. కాంట్రాక్టర్ మనుషులు కడ్డీలు రోడ్డు పొడవునా వచ్చేట్టు పెట్టి పోయారు. నేను టేపు పట్టి కొలిచా, లెక్కపెట్టా, ఎం-బుక్‌లో, అదే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కించి సంతకం పెట్టా. కడ్డీకీ కడ్డీకీ మధ్య 2 అంగుళాల సందు. సైకిల్ టైరు అంగుళంన్నర. రెండూ నాకు తెలిసిన లెక్కలే, పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎందుకు చూస్తా, అప్పటికి స్కూటర్ కొని నాలుగేళ్ళు, రోడ్డు మధ్యలో పోయేవాణ్ణి.

మొదటి పెద్దవానకి అంచునంతా నీళ్ళు నిలిచాయి, జాలీలు కనపళ్ళేదు. ఆఫీసులకి క్యారేజీలు మోసే పిల్లాడు, 14 ఏళ్ళుంటాయేమో, ముందు చక్రం సందులో దిగి హ్యాండిల్ మీంచి ఎగిరి పడ్డాడు. ముందు పళ్ళు రెండు పోయాయి, కుడి మణికట్టు విరిగింది. వాళ్ళింటికి వెళ్ళా. వాళ్ళమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి "మావోడే చూసుకోలా సార్, దుడుకెక్కువ" అంది. నేను మజ్జిగ తాగా. జాలీ సంగతి చెప్పలేదు. గ్లాసు కింద పెట్టి వచ్చేశా.

ఆ ఆదివారమే ఇద్దరు మనుషుల్ని తీసుకుని వెళ్ళా. జాలీలన్నీ చదరపువే చిట్టీ, నాలుగు వైపులా ఒకటే కొలత. గడ్డపారతో లేపి, కడ్డీలు రోడ్డుకి అడ్డంగా వచ్చేట్టు తిప్పి, మళ్ళీ పెట్టాం, అంతే. వెల్డింగు లేదు, సిమెంటు లేదు. మధ్యాహ్నం భోజనాల లోపు రోడ్డంతా అయిపోయింది. కూలి ఎంతైందో ఇప్పటికీ గుర్తుంది, రాయాలంటే సిగ్గేస్తుంది.

అందుకని డ్రాయింగ్ గీసే ముందు ఆ రోడ్డు తొక్కు. నీ లావు టైర్ల గేర్ సైకిల్ మీద కాదు, దానికి గుంటలూ తెలీవు సందులూ తెలీవు. పంక్చర్ షాపతన్ని అడిగి సన్న టైర్ల పాత సైకిలు తీసుకో, బడి వదిలే టైముకి ఒకసారి, వానలో ఒకసారి. ఆదివారం పొద్దున చల్లగా తొక్కొచ్చి అంతా బాగుందని రిపోర్ట్ రాశావో, మేనకోడలివని కూడా చూడను, అక్కడికొచ్చి చింపేస్తా.

నా పాత సైకిల్ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కుతూ కాలవ గట్టు మీద పడ్డావు గుర్తుందా, మోకాలు చెక్కుకుపోతే పరికిణీ కిందకి లాక్కుని "అమ్మకి చెప్పొద్దు మావయ్యా" అన్నావు. చెప్పలేదు. కానీ రాత్రిళ్ళు సర్వేకి ఒక్కదానివే సైకిల్ మీద పోతున్నావంట, వెనక ఎర్ర లైటు లేకుండా పోతున్నావని తెలిస్తే మాత్రం ఈసారి అమ్మకి చెప్తా.

నువ్వు తీసుకున్న రోడ్డు మీద జాలీల ఫోటోలు పంపు. పక్కన స్కేలు పెట్టి తియ్యి. కడ్డీలు ఎటున్నాయో కనపడాలి.

మావయ్య