టవల్ కట్టుకున్నా గ్రానైట్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుందా?

ప్రశ్న: మా ఆయనకు 41 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లు కోసే పని. ఈమధ్య మేడ మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు, పొడిదగ్గు వదలడం లేదు. పనిలో ముక్కుకు టవల్ కట్టుకుంటాడు, ఇంటికొచ్చి బెల్లంగడ్డ తింటాడు. అయినా దుమ్ము లోపలికి పోతుందా డాక్టర్ గారూ?
- ఓ పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: పోతుందమ్మా. ముందు బెల్లం సంగతి. గొంతు దగ్గర దారులు రెండవుతాయి. తిన్నది అన్నవాహికలోకి, పీల్చిన గాలి శ్వాసనాళంలోకి వెళ్తాయి. కాబట్టి బెల్లం ఎంత తిన్నా ఊపిరితిత్తుల్లోని దుమ్మును తాకనైనా తాకదు.

ముక్కులోని వెంట్రుకలు, జిగట లావు దుమ్మును అక్కడే పట్టేస్తాయి. పని దిగాక చీదితే బూడిదరంగులో వచ్చేది అదే. తప్పించుకున్న దుమ్ము శ్వాసనాళం గోడల జిగురుకు అంటుకుంటుంది. ఆ గోడలకు సిలియా అనే కంటికి కనిపించని నూగు ఉంటుంది. అది ఎడతెగకుండా కదులుతూ కఫాన్ని గొంతు వైపు తోస్తుంది. బీడీ పొగ ఈ నూగునే దెబ్బతీస్తుంది. మీ ఆయనకు ఆ అలవాటుంటే ఈరోజే మాన్పించండి.

అసలు ప్రమాదం టవల్ ఆపలేని, కంటికి ఆనని సన్న దుమ్ముతో. శ్వాసనాళం చీలికల మీద చీలికలై, చివరికి గాలి గదుల్లో ముగుస్తుంది. ఇవి 30 కోట్లకు తక్కువ ఉండవు. వీటి గోడ మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా ఉండదు, అందుకే ఆక్సిజన్ ఇట్టే రక్తంలో కలుస్తుంది. ఇక్కడ నూగు లేదు. వచ్చిన దుమ్మును రక్షక కణాలే మింగి శుభ్రం చేయాలి. గ్రానైట్ దుమ్ములో సిలికా అనే ఖనిజం ఎక్కువ. దాన్ని మింగిన కణం అరిగించుకోలేక చస్తుంది, సిలికా మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగి అదీ చస్తుంది. అలా వాచి వాచి అక్కడ మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగిన ఊపిరితిత్తి బిరుసెక్కి సరిగా సాగదు. ఇదే సిలికోసిస్. మీ ఆయనది అదేనని పరీక్ష చేయకుండా చెప్పలేను, కానీ ఆ అనుమానం తీరేదాకా వదలకూడదు.

ఈ వారమే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ, కఫం పరీక్ష అవసరం. సిలికా చేరిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా సోకుతుంది. దాని పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. దగ్గితే రక్తం పడినా, సాయంత్రం జ్వరం వస్తున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. డాక్టరు అడగకపోయినా ఎన్నేళ్లుగా గ్రానైట్ కోస్తున్నాడో చెప్పండి. ఎక్స్‌రేలో ఈ మచ్చలు టీబీలాగే కనిపించవచ్చు. పని సంగతి తెలియకపోతే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది.

కట్టిన మచ్చను కరిగించే మందు లేదు. కొత్త దుమ్ము చేరకుండా చూడటమే మన చేతిలో ఉంది. వీలైతే దుమ్ము లేని పనికి మారడం మేలు. అప్పటిదాకా టవల్ బదులు ముఖానికి సందు లేకుండా అతికే ఎన్95 మాస్కు వాడాలి. చేతి మెషిన్‌తో అంచులు కోసేటప్పుడు నీళ్లు పారుతూనే ఉండాలి, పొడిగా కోయకూడదు. ఆ బట్టలు ఇంట్లో దులపొద్దు, నేరుగా నీళ్లలో నానేయండి.

సిలికోసిస్ అని తేలితే ఆ కాగితాలు భద్రంగా దాచండి. చట్టం ప్రకారం ఇది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి జబ్బు. నష్టపరిహారం అడిగే హక్కు మీకుంటుంది. ఈఎస్ఐ కార్డు ఉంటే మొదట అక్కడే అడగండి.