సర్వరు పెట్టబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

పాత ల్యాప్‌టాప్‌లో లినక్సు వేసి, ఇంటి వీడియోలన్నీ టీవీలో చూసేలా జెల్లీఫిన్ పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. “అన్నీ నీ బుద్ధులే వచ్చాయి” అంది. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. లినక్సుల్లో డెబియన్ చాలు. జెల్లీఫిన్ మంచి ఎంపికే. 2018లో ఎంబీ అనే ఇలాంటి ప్రోగ్రాం వాళ్లు సోర్సు కోడ్ ఇవ్వడం మానేస్తే, అప్పటిదాకా ఉన్న కోడ్‌తో కొందరు వేరుకుంపటి పెట్టారు, అదే ఇది. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిట్టి కంప్యూటరు కొనకు. అందులో వీడియోను హెచ్.264 రూపంలోకి మార్చే హార్డ్‌వేరు లేదు, టీవీ కోసం అలా మార్చాల్సి వస్తే ప్రాసెసరే మోయాలి. నీ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్పులో క్విక్ సింక్ అనే వీడియో మార్చే భాగం ఉంటే ఆ పని సునాయాసం. జెల్లీఫిన్ తన సొంత యూజరు పేరుతో నడుస్తుంది కనుక ఫోల్డర్లు చదివే అనుమతి ఇవ్వు, రాసే అనుమతి వద్దు. జెల్లీఫిన్ వాడే 8096 పోర్టును రౌటరులో బయటికి తెరిచావో, ఊరుకోను. ఊరి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకో, బయటినుంచి ఇంటి నెట్‌వర్కులోకి అదే భద్రమైన దారి.

ఇక నా నిర్వాకం విను.

నా దగ్గర రెండు డిస్కులు ఉండేవి. ఒకటి అసలు, రెండోది నకలు. రోజూ రాత్రి రెండు గంటలకు ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం మొదటిదాన్ని రెండోదానికి కాపీ చేసేది. నకలు అచ్చంగా ఉండాలని, అసలులో లేనివి నకలులోంచి చెరిపేసే డిలీట్ ఆప్షన్ తగిలించాను. డిస్కు లేకపోయినా మెషిన్ లేవాలని ఏ డిస్కు ఎక్కడ తగులుకోవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో నోఫెయిల్ అని రాశాను. రెండూ నా తెలివితేటలే.

ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. అసలు డిస్కు చచ్చిపోయింది. నోఫెయిల్ పుణ్యమా అని మెషిన్ ఏమీ జరగనట్టే లేచింది. డిస్కు తగులుకోవాల్సిన చోట ఖాళీ ఫోల్డరు మిగిలింది. రాత్రి రెండు గంటలకు ఆర్‌సింక్ ఆ ఖాళీని చూసి, అదే అసలనుకుని, నకలును కూడా శుభ్రంగా తుడిచేసింది. చదవలేని డిస్కయితే పొరపాటు పసిగట్టి చెరపడం ఆపేదేమో. ఖాళీ ఫోల్డరు దాని దృష్టిలో పొరపాటు కాదుగా! మర్నాడు తెలియక ఆ నకలు డిస్కులోకే కొత్తవి కాపీ చేశాను కూడా, చెరిగినవి తిరిగి రప్పించే ఆశా పోయింది. వెధవ పని.

పోయినవాటిలో నీ బారసాల ఉందమ్మా. అమ్మమ్మ ఊయల ఊపుతూ లాలి పాడుతుంటే నువ్వు గుక్కపెట్టి ఏడుస్తావు, ఆవిడ పాట ఆపకుండానే నిన్ను కసురుతుంది. టేపు బూజు పట్టిందని, డిస్కులోకి ఎక్కించాక నేనే పారేశాను. మీ అమ్మకేమో టేపే పాడైందని చెప్పాను. ఇన్నేళ్లూ అదే అబద్ధం.

అందుకని కాపీ స్క్రిప్టు మొదటి వరుసలోనే మౌంట్‌పాయింట్ ఆజ్ఞతో డిస్కు తగులుకుందో లేదో అడుగు. లేదంటే అక్కడే ఆగిపోవాలి. డిలీట్ ఆప్షన్ జోలికి వెళ్లకు. నకలు ఎప్పుడూ వైరుకు వేలాడుతూ ఉండకూడదు, నెలకోసారి కాపీ చేసి తీసి బీరువాలో పెట్టు. అందులోంచి ఒక వీడియో తెరిచి చూడు, పేరు కనిపిస్తే సరిపోదు.

ఆదివారం వస్తున్నాను. మూడో డిస్కు నేను తెస్తాను, కొనకు. టేపు సంగతి మీ అమ్మకు నేనే చెబుతాను, అప్పటిదాకా ఈ ఉత్తరం దాచిపెట్టు.

మీ మామయ్య