క్రిస్మస్‌కి అబ్బాయి దగ్గరకు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు జర్మనీలో మ్యూనిక్‌లో ఉంటారు. క్రిస్మస్ సెలవులకు రమ్మంటున్నారు, అందరం కలిసి ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ చూద్దామంటున్నారు. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. నాకు ఒకటే టెన్షన్. ఏం చూసుకోవాలి?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: తప్పకుండా వెళ్లండి అక్కయ్యా. బరంపురం నుంచి నేనూ మా అమ్మాయి దగ్గరకు డిసెంబరులోనే వెళ్లాను. జర్మనీకి తీసుకునే షెంగెన్ వీసా ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది, ఆస్ట్రియాకూ చెల్లుతుంది. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి.

మన అప్పడాలు, ఆవకాయ సర్దుకోండి. నెయ్యి, కోవా మాత్రం వద్దు. బయటి దేశాల పాల పదార్థాలను అక్కడికి తేనివ్వరు. ఇంట్లో వెన్న కాచి, మూతకు గుడ్డ చుట్టి పట్టుకెళ్లిన నెయ్యి డబ్బాను విమానాశ్రయంలోనే వదిలేశాను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

క్రిస్మస్ సంతలు చాలావరకు 24తో ముగుస్తాయి, 20కల్లా చేరుకోండి. 24 మధ్యాహ్నానికి కొట్లు కట్టేస్తారు, 25, 26 తెరవరు. పాలు, కూరలు 23నే తెప్పించండి.

సాల్జ్‌బర్గ్ ప్రయాణం 27 తర్వాత పెట్టుకోండి. మ్యూనిక్ నుంచి రైల్లో దాదాపు రెండు గంటలు. నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి రోజుకు ఒక్క చోటు చాలు. బావగారికి జారని అడుగున్న బూట్లు అక్కడే కొనిపించండి.

ఇంకో మాట. కోడలికి ఏడాదిలో దొరికే సెలవులు అవే. పొద్దున్నే లేచి చారు, కూర మీరే చేసేయండి, ఆ పిల్లను కాసేపు పడుకోనివ్వండి.