మాటల లెక్కను సమీకరణంగా రాయడం రావట్లేదంటే

సమీకరణం చేతికిస్తే సాధించేస్తాను, లెక్క మాటల్లో ఉంటే మాత్రం పెన్ను కదలదు అని మీరన్నారు. తొమ్మిదో తరగతిలో నాదీ ఇదే అవస్థ. చదవగానే "ఎక్స్ అనుకొనుము" అని మొదలుపెట్టేవాణ్ణి. దేన్ని అనుకున్నానో నాకే తెలిసేది కాదు.

ఇప్పుడైతే ముందు ఉత్త అంకెలతో ఆడుకుంటాను. 20 సెంటీమీటర్ల కొవ్వొత్తి గంటకు 2 సెంటీమీటర్ల చొప్పున తరుగుతోందనుకోండి. 3 గంటల తర్వాత ఎంత మిగులుతుంది? 14. ఆ 14 నోటికి వచ్చేసినా, ఎలా వచ్చిందో విప్పి రాయండి: 20 − 2 × 3. 7 గంటలకైతే 20 − 2 × 7. ఈ రెండిట్లో మారింది చివరి అంకె ఒక్కటే. ఆ గంటల సంఖ్య స్థానంలో 'గ' పెట్టి, మిగిలిన ఎత్తును 'ఎ' అంటే ఎ = 20 − 2గ. మొదట ఉన్నది 20, గంటగంటకూ పోయేది 2. రేఖీయ సమీకరణంలో, అంటే గ్రాఫ్ గీస్తే తిన్నని గీత వచ్చే ఇలాంటి సమీకరణంలో, ఉండేవి ఈ రెండే. పది గంటలు దాటితే కొవ్వొత్తే ఉండదు, సమీకరణం మాత్రం మైనస్ ఎత్తు చెబుతూనే పోతుంది. అందుకే 'గ' ఎక్కడిదాకా చెల్లుతుందో పక్కన రాసుకోవాలి.

నేను ఎక్కువసార్లు బోల్తాపడ్డది అక్షరం దగ్గర. "విద్యార్థులు టీచర్లకు ఆరు రెట్లు ఉన్నారు" అంటే 6వి = టీ అని రాసేశాను. ఆరుగురు విద్యార్థులకి ఒక టీచరు, సరిపోయిందిగా అని ధీమా. టీచర్లు 10 మంది అని పెట్టి చూస్తే విద్యార్థులు ఇద్దరైనా లేరు! సరైనది వి = 6టీ. 'వి' అంటే విద్యార్థులు కాదు, విద్యార్థుల సంఖ్య. అక్షరం మనిషికో వస్తువుకో పొట్టిపేరు అనుకున్నామా, లెక్క తిరగబడుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 1980ల మొదట్లో అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇంజనీరింగ్ మొదటి ఏడాది వాళ్లకి ఇదే లెక్క ఇస్తే మూడో వంతుకు పైగా తప్పు రాశారు.

ఒక విషయంలో మాత్రం తెలుగు మన పక్షమే. "ఒక సంఖ్యకు రెట్టింపు కంటే 5 తక్కువ" అన్నది విన్న వరసలోనే 2ఎక్స్ − 5 అవుతుంది. అదే ఇంగ్లిష్‌లో 5 ముందొస్తుంది, దాంతో 5 − 2ఎక్స్ అని రాసేస్తారు.

సమానం గుర్తు ఎక్కడ పెట్టాలో తోచకపోతే, ఒకే సంఖ్యని రెండు రకాలుగా చెప్పగలనా అని చూస్తాను. పక్కన 14 సెంటీమీటర్ల లావు కొవ్వొత్తి గంటకు 1 చొప్పున తరుగుతోంది, రెండూ ఎప్పుడు సమానం? 20 − 2గ = 14 − గ. 'గ' 6, ఎత్తు 8.

ప్రతిదాన్నీ ఇలా గీతలో ఇరికించకండి. వేడినీళ్లు మొదట్లో గబగబా చల్లారి తర్వాత నెమ్మదిస్తాయి, తగ్గుదల నిమిషనిమిషానికీ ఒకేలా ఉండదు. కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు.