న్యూజెర్సీలో మా ఆస్టర్లు మనిషెత్తు పెరిగి, పూత టైముకే పడిపోతున్నాయి. ఎరువు మార్చాలా?

మార్చడం ఎందుకండీ, మొత్తానికే మానేయండి. ఊదా పూలు పూసే న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ ఈ నేల మొక్కే. రోడ్ల పక్కన ఎవరూ ఏమీ వేయకుండానే పెరుగుతుంది. దానికి బలం పెడితే ఆరడుగులు సాగి, కాడ మెత్తబడి, గట్టి వాన పడగానే నేల పట్టేస్తుంది. దానికి కావాల్సింది కత్తెర. జూన్‌లో, ఆలస్యమైనా జులై 4 లోపు, సగానికి కోసేయాలి.

ఈ మాట మా ఇంట్లోనే నమ్మలేదు. ఒక ఏడాది అమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. జూన్‌లో ఓ పొద్దున నేను కంచె పక్క వరసను మోకాలెత్తుకు కోస్తుంటే, చాయ్ గ్లాసుతో బయటికొచ్చి, "ఏందే గిది? ఏపుగ పెరిగిన చెట్లను నడిమికి కోస్తున్నవ్! ఇంకేం పూస్తయే?" అని కత్తెర లాక్కుంది. వరస సగంలో ఆగిపోయింది.

సెప్టెంబరుకి అమ్మ కాపాడిన సగం నా నెత్తి దాటింది, ముందుగా పూసింది కూడా. రోజూ పిలిచి మరీ చూపించేది. తర్వాత ఓ రాత్రి కుండపోత వాన. తెల్లారి చూస్తే ఆ కాడలన్నీ టమాటల మీద పడున్నాయి, అడుగున ఆకులు ఎండిపోయి ఉత్త పుల్లల్లా. కోసిన సగమేమో నడుమెత్తున గుబురుగా నిలబడి అప్పుడే విచ్చుకుంటోంది. అమ్మ కిక్కురుమనలేదు. పడిన పూలన్నీ ఏరుకుని బతుకమ్మకు తాంబాళంలో పెట్టుకుంది.

బతుకమ్మకు మాత్రం ఆస్టర్‌ను నమ్ముకోకండి. కోశాక రేకులు ముడుచుకుంటాయి. సాయంత్రం ఆట మొదలయ్యేసరికి ఊదా వరస మాయం. ఇక్కడ తంగేడు లోటు తీర్చేది పసుపు పూల గోల్డెన్‌రాడ్. అది తెస్తే "అమ్మో, ఎలర్జీ" అని దూరం జరిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తుమ్ములు తెప్పించేది అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. దాని పుప్పొడి గాల్లో తేలుతుంది. గోల్డెన్‌రాడ్‌ది జిగట పుప్పొడి, తేనెటీగలు మోయాల్సిందే. పాపం, కంటికి కనిపించే పువ్వు మీదే నింద.

అడుగు ఆకులు తెల్లబడటం బూడిద తెగులు. స్ప్రింక్లర్ కట్టేసి మొక్క మొదలు దగ్గర నీళ్లు పోయండి. ముందు వరసలో పొట్టి రకం 'పర్పుల్ డోమ్' పెడితే ఆ బోసి కాళ్లు కనపడవు. మూడేళ్లకోసారి వసంతంలో దుబ్బు తవ్వి, చుట్టూ ఉన్న లేత పిలకలు నాటుకుని, కొయ్యబారిన నడిమి గడ్డ పారేయండి. అసలు కోసే ఓపికే లేదంటే 'జిందై' అనే టార్టేరియన్ ఆస్టర్ పెట్టుకోండి. నాలుగడుగులు పెరిగినా దానంతటదే నిలబడి, అక్టోబరు దాటాక కూడా పూస్తుంది. కాకపోతే వేళ్లతో పాకుతుంది, చోటుండాలి.

మనవాళ్లు మాత్రం ఏటా స్టోర్ల ముందు పేర్చిన చామంతి కుండీలు కొని, హాలోవీన్ కాగానే చెత్తబుట్టలో వేస్తారు. ఆ ముద్ద చామంతుల్లో తేనె ఎక్కడిది? మెక్సికో దాకా ఎగరాల్సిన మొనార్క్ సీతాకోకలు ఆగేది ఆస్టర్లలాంటి పూల దగ్గరే. ఒక్క దుబ్బు పెడితే ఏళ్లకేళ్లు పూస్తుందని చెప్పినా ఎవరూ వినరు.

మీరు చూసేసరికి జులై 4 దాటిపోయుంటే ఇక కోయకండి, మొగ్గలు పోతాయి. ఈ ఏడాదికి కర్రలు పాతి జనపనార తాడు కట్టండి, పూత రాకముందే.